ఎందరు ధరించుచున్నారు?

బాలబాలికలారా! అన్నము వండునపుడు మీ అమ్మగారు ఏమి చేయుదురో మీరు చూచియే యుందురు. కుండలోని మెతుకుల నన్నింటిని వారు పరీక్షింపరు. గరిటెతో ఒకసారి కలియబెట్టి, రెండు మెతుకులు తీసి, వ్రేళ్ల నడుమ నొక్కి చూతురు. ఆ రెండు మెతుకులే కుండెడు అన్నపు సంగతిని చెప్పును. ప్రతిదినము జరుగు ఈ చిన్న పనిలో ఒక గొప్ప శాస్త్రము ఇమిడి యున్నది. ఒక్కొక్కటిగా ఎవ్వరును లెక్కింపని సంఖ్యను ఆ శాస్త్రసాహాయ్యముతో ఎట్లు తెలిసికొనవచ్చునో, తెలిసికొనుటలో ఎచ్చట పొరపాటు పడుదుమో ఈ పాఠమున చూతము.

మనము తెలిసికొన గోరు సంఖ్య యిది: తమ శరీరముపై కంప్యూటరును ధరించి తిరుగువారు ఎందరు? ఈ ప్రశ్న విని మీరు ఆశ్చర్యపడ నక్కరలేదు. నేడు పట్టణములలో అనేకుల మణికట్టుపై కనబడు స్మార్ట్ వాచి కేవలము గడియారము కాదు; అదియొక చిన్న కంప్యూటరు. దానిలో చలనమును గుర్తించు సూక్ష్మమైన పరికరము కలదు. మన చేయి ఊగినపుడెల్ల అది ఆ కదలికను గ్రహించి అడుగులను లెక్కించును. దాని అడుగుభాగమున పచ్చని కాంతిని వెలువరించు చిన్న దీపములు ఉండును. రక్తము పచ్చని కాంతిని పీల్చుకొను స్వభావము కలది. గుండె కొట్టుకొనినపుడెల్ల మణికట్టునందలి రక్తపు పరిమాణము కొంచెము హెచ్చి, మరల తగ్గును. అందుచేత చర్మమునుండి తిరిగివచ్చు కాంతియు హెచ్చుతగ్గు లగుచుండును. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి, నిమిషమునకు గుండె ఎన్నిమార్లు కొట్టుకొనుచున్నదో ఆ యంత్రము చెప్పును.

ఇట్టి యంత్రములను ఎందరు వాడుచున్నారో ఏ కచ్చేరిలోనైన వ్రాసి యున్నదా? లేదు. జననమరణములకు రిజిస్టరు కలదు. ఓటర్లకు జాబితా కలదు. మోటారు బండ్లకు నంబర్లు కలవు. కాని చేతికి పెట్టుకొను కంప్యూటరును ఎవ్వరును నమోదు చేయించుకొన నక్కరలేదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమందలి ప్రతి గృహమును దర్శించి, ఇంటిలో రేడియో కలదా, టెలివిజను కలదా, కంప్యూటరు కలదా, టెలిఫోను కలదా, సైకిలు కలదా యని అడిగిరి. చేతికి ధరించు కంప్యూటరును గూర్చిన ప్రశ్న అందులో లేదు. కావున ఈ సంఖ్యను లెక్కించుట కాదు, అంచనా వేయవలసి యుండును.

ఒకప్పుడు ఈ సంఖ్యను చెప్పుట మిక్కిలి సులభముగా నుండవలసినది. 1961వ సంవత్సరమున అది రెండు మాత్రమే. అమెరికా దేశమందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఎడ్వర్డ్ థార్ప్ అను గణితవేత్తయు, సమాచార సిద్ధాంతమునకు పితామహుడని ప్రసిద్ధి గన్న క్లాడ్ షానన్ అను మేధావియు కలసి ఒక చిన్న కంప్యూటరును నిర్మించిరి. దాని పరిమాణము సిగరెట్టు పెట్టె యంత. దానిలో నున్న ట్రాన్సిస్టర్లు పండ్రెండు. రూలెట్ అను జూదపు చక్రముపై తిరుగు బంతి ఏ భాగమున పడునో ముందుగా తెలిసికొనుటయే దాని ఉద్దేశము. ఒకరు బూటులో దాచిన మీటను బొటనవ్రేలితో నొక్కి చక్రము యొక్కయు, బంతి యొక్కయు వేగములను కంప్యూటరునకు తెలుపుచుండిరి. రెండవవారు చెవిలోని సన్నని పరికరమున వినవచ్చు స్వరమును బట్టి పందెము కాయుచుండిరి. లాస్‌వేగాస్ నగరమున దానిని పరీక్షింపగా, గణన సరిగానే వచ్చెను కాని, చెవిలోని పరికరమునకు పోవు సన్నని తీగలు మాటిమాటికి తెగిపోవుచుండెను. జూదము మెచ్చదగినది కాదు. ధర్మరాజు కథ నెరిగిన మనకు ఆ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కాని శరీరముపై ధరింపబడిన తొలి కంప్యూటరు ఇదియే యని చెప్పుదురు.

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ మిత్రులిద్దరును తమ యంత్రమును రహస్యముగా నుంచిరి. 1966వ సంవత్సరమున థార్ప్ దానిని గూర్చి తన గ్రంథమున ప్రకటించువరకు లోకమునకు ఆ సంగతి తెలియదు. 1962లో ఎవరైన శ్రద్ధగా విచారించి లెక్క కట్టినను "ఇట్టివారు ఒక్కరును లేరు" అనియే చెప్పి యుందురు. లెక్కించువాని కంటికి కనబడనిది లెక్కలోనికి రాదు. ఇది మన మొదటి పాఠము.

తరువాతి కాలమున ఈ యంత్రములు మెల్లగా వృద్ధి పొందినవి. 1980వ దశకపు ఆరంభమున కెనడా దేశీయుడగు స్టీవ్ మాన్ అను యువకుడు కంప్యూటరును వీపుసంచిలో నమర్చుకొని తిరిగెను. 1997వ సంవత్సరమున అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ధరించు కంప్యూటర్లను గూర్చిన మొదటి అంతర్జాతీయ విద్వత్సభ జరిగెను. 2009లో ఫిట్‌బిట్ అను సంస్థ తన మొదటి అడుగుల లెక్క యంత్రమును అమ్మకమునకు పెట్టెను. 2015లో ఆపిల్ సంస్థవారి గడియారము వెలువడెను. పిమ్మట అనేక దేశములలో అనేక సంస్థలు వీనిని తయారు చేయసాగినవి. ఇద్దరున్నచోట కోట్లకొలది జనులైరి. ఇప్పుడు ఆ కోట్లు ఎన్ని యనునదే ప్రశ్న.

లెక్కకు పూనుకొనుటకు ముందు దేనిని లెక్కింపబోవుచున్నామో నిశ్చయించుకొనవలయును. 1975లోనే కూడికలు, తీసివేతలు చేయు చేతిగడియారములు అంగళ్లలోనికి వచ్చినవి. అవియును కంప్యూటర్లే యనవచ్చునా? వినికిడి తక్కువైన వృద్ధులు చెవికి పెట్టుకొను నేటి యంత్రములలో కూడ శబ్దమును గణించి సవరించు భాగము కలదు. దానిని చేర్చుకొందుమా, విడిచిపెట్టుదుమా? చేర్చుకొనినచో సంఖ్య పెరుగును, విడిచినచో తగ్గును. అట్లే "వాడుట" అను మాటకును అర్థము నిర్ణయించుకొనవలయును. ప్రతిదినము ధరించువాడే వాడుకదారుడా? మాసమున కొకనాడు ధరించువానిని ఏమనవలయును? కొని, పదిదినములు ముచ్చటగా పెట్టుకొని, బీరువాలో పడవేసినవానిని ఏమనవలయును? ఇద్దరు విద్వాంసులు రెండు వేర్వేరు సంఖ్యలు చెప్పినపుడు, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడిరని తొందరపడి తలపరాదు. వారు రెండు వేర్వేరు వస్తువులను లెక్కించి యుండవచ్చును.

సాధారణముగా జనులకు మొదట తోచు ఉపాయము అమ్మకములను లెక్కించుట. "ఎన్ని యంత్రములు అమ్ముడుపోయినవో అందరు వాడుచున్నారు" అని వారందురు. ఈ మాట వినుటకు సబబుగానే యుండును. కాని ఇందులో రెండు చిక్కులు కలవు. మొదటిది, అన్ని సంస్థలును తమ అమ్మకములను వెల్లడింపవు. ఆపిల్ సంస్థ తాను అమ్మిన గడియారముల సంఖ్యను ప్రత్యేకముగా ప్రకటింపలేదు. బయటివారు చెప్పినవన్నియు అంచనాలే. రెండవ చిక్కు ఇంకను పెద్దది. ఒక నీళ్లతొట్టిని తలచుకొనుడు. పైన గొట్టమునుండి నీరు పడుచున్నది. క్రింద రంధ్రమునుండి కారిపోవుచున్నది. పైనుండి ఎన్ని బిందెల నీరు పడినదో లెక్కించినంతమాత్రమున తొట్టిలో ఎంత నీరున్నదో చెప్పగలమా? చెప్పలేము. క్రింద ఎంత కారిపోయినదో కూడ తెలియవలయును. అమ్మకము పైనుండి పడు నీరు. వాడుకలో నున్న యంత్రములు తొట్టిలోని నీరు.

దీనికి నిజమైన ఉదాహరణమొకటి చూతము. ఫిట్‌బిట్ సంస్థ కొన్ని సంవత్సరములు అమ్మకములను, వాడుకదారుల సంఖ్యను కూడ ప్రకటించెను. 2015వ సంవత్సరాంతమున ఆ సంస్థ యంత్రములను వాడుచున్నవారు సుమారు 1 కోటి 69 లక్షలు. 2016వ సంవత్సరమున అది అమ్మిన యంత్రములు సుమారు 2 కోట్ల 23 లక్షలు. ఈ రెండింటిని కూడినచో 3 కోట్ల 92 లక్షలగును. 2016 చివర వాడుకదారులు అందరుండవలయును గదా! కాని సంస్థ ప్రకటించిన సంఖ్య 2 కోట్ల 32 లక్షలే. తక్కిన 1 కోటి 60 లక్షలు ఏమైనవి?

అవి మాయమై పోలేదు. కొందరు పాత యంత్రమును తీసివేసి క్రొత్తదానిని కొనిరి. అచట అమ్మకము ఒకటి పెరిగినది, మనిషి మాత్రము ఆ మనిషియే. కొందరు ధరించుటయే మానివేసిరి. కొన్ని యంత్రములు ఇంకను అంగళ్లలోనే యుండియుండును. ఒక్కరే రెండింటిని కలిగియుండుటయు కలదు. 2019వ సంవత్సరము నాటికి ఆ సంస్థ మొత్తము అమ్మకములు 10 కోట్లు దాటినవి. 2018 చివర వాడుకదారులు మాత్రము సుమారు 2 కోట్ల 76 లక్షలే. అనగా అమ్ముడుపోయిన యంత్రములు నాలుగైనచోట వాడుకదారు డొక్కడు మాత్రమే కనబడుచున్నాడు. అమ్మకములనే నమ్మి లెక్క కట్టినవాడు సత్యమునకు దాదాపు నాలుగు రెట్లు చెప్పి యుండును.

వాడుకదారు డనగా ఎవడో ఆ సంస్థ చెప్పిన అర్థమును కూడ చూడవలయును. గడచిన మూడు మాసములలో యంత్రమును తన ఖాతాతో జతపరచినవాడు గాని, కనీసము 100 అడుగులు నమోదైనవాడు గాని వాడుకదారుడే. ఇంకొకటి రెండు విధములవారిని కూడ చేర్చుకొనిరి. మూడు మాసములలో 100 అడుగులనగా ఇంటినుండి వీథి మలుపువరకు ఒకమారు నడచినను చాలును. ప్రతిదినము ధరించువారినే లెక్కించినచో ఆ 2 కోట్ల 76 లక్షలు ఇంకను తగ్గును. సంఖ్య ప్రక్కన దాని నిర్వచనమును చదువనివానికి సంఖ్య తెలిసినను విషయము తెలియదు.

అమ్మకములు దారి తప్పించునట్లయిన, మరియొక ఉపాయమేమి? జనులనే అడుగుట. కాని కోట్లకొలది జనులను ఎవరు అడుగగలరు? ఇచటనే అన్నపు మెతుకు మనకు దారి చూపును. అందరిని అడుగనక్కరలేదు, కొందరిని అడిగి, అందరిని గూర్చి ఊహింపవచ్చును. ఆ కొందరికి నమూనా యని పేరు.

ఈ పద్ధతి నేటిది కాదు. 1802వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి లాప్లాస్ అను మహాగణితవేత్త తన దేశపు జనసంఖ్యను ఈ విధముగనే కట్టెను. దేశమందంతట చెదరియున్న కొన్ని గ్రామములను, పట్టణములను ఎన్నుకొని, అచటి జనులను లెక్కించిరి. వారి సంఖ్య 20,37,615. అచట మూడు సంవత్సరములలో జన్మించిన శిశువులు 2,15,599. సంవత్సరమునకు సుమారు 71,866. అనగా సంవత్సరమున కొక శిశువు పుట్టినచోట సుమారు 28 మంది జనులు గలరన్నమాట. దేశము మొత్తము మీద ఏటేట సుమారు 10 లక్షల శిశువులు పుట్టుచున్నట్లు తీసికొని, లాప్లాస్ జనసంఖ్య సుమారు 2 కోట్ల 83 లక్షలని తేల్చెను. అంతటితో ఆగక, తన అంచనాలో తప్పు ఎంతవరకు ఉండవచ్చునో కూడ లెక్కించెను. అదియే ఆతని గొప్పతనము.

మన దేశమున ఈ విద్యకు పునాది వేసినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు. 1931వ సంవత్సరమున వారు కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించిరి. వంగదేశమున జనుము పంట ఎంత విస్తీర్ణమున నున్నదో తెలిసికొనుటకు ప్రతి పొలమును కొలువక, అదృష్టవశమున తగిలిన కొన్ని పొలములను మాత్రము కొలిచి, మొత్తమును అంచనా వేయు విధానమును వారు అభివృద్ధి చేసిరి. 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వే వారి కృషిఫలమే. "అదృష్టవశమున తగిలిన" అను మాటను గమనింపుడు. కొలిచెడివాడు తనకు నచ్చిన పొలమును, దారి ప్రక్కనున్న పొలమును ఎన్నుకొనరాదు. చీటీలు వ్రాసి కుండలో వేసి, కన్నులు మూసికొని తీసినట్లుగా ప్రతి పొలమునకును సమానమైన అవకాశముండవలయును. అన్నమును కలియబెట్టుట యనగా ఇదియే.

ఈ పద్ధతిని ధరించు కంప్యూటర్ల విషయమున ప్రయోగించి చూచిరి. 2019 జూన్ మాసమున అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రమువారు దేశమందలి 4,272 మంది వయోజనులను ప్రశ్నించిరి. వారిలో నూటికి 21 మంది స్మార్ట్ వాచినో, అడుగులను లెక్కించు పట్టీనో క్రమముగా ధరించుచున్నామని చెప్పిరి. ఆనాడు అమెరికాలోని వయోజనులు సుమారు 25 కోట్ల 50 లక్షలు. అందులో నూటికి 21 వంతున లెక్కించినచో 5 కోట్లకు పైచిలుకు అగును. నాలుగువేల చిల్లర మందిని అడిగి ఐదుకోట్ల మందిని గూర్చి తెలిసికొనుట సామాన్యమా!

కాని ఆ సర్వే చెప్పిన మరియొక సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. సంవత్సరమునకు 75,000 డాలర్లు, అంతకు మించి ఆదాయము గల కుటుంబములలో నూటికి 31 మంది ఇట్టి యంత్రమును ధరించుచుండగా, 30,000 డాలర్లకు తక్కువ ఆదాయము గలవారిలో నూటికి 12 మందియే ధరించుచుండిరి. ధనికుల వీథిలో నిలిచి అడిగినవాడు 31 అని చెప్పును. పేదల వీథిలో నిలిచి అడిగినవాడు 12 అని చెప్పును. ఇద్దరును కన్నులార చూచినదే చెప్పుదురు. అయినను ఇద్దరి మాటయు దేశమును గూర్చి సత్యము కాదు. కలియబెట్టని కుండలో పైమెతుకును పట్టినవాడు ఒకటి చెప్పును, అడుగుమెతుకును పట్టినవాడు మరియొకటి చెప్పును.

నమూనా పెద్దదైనచో ఈ దోషము తొలగిపోవునని కొందరి భ్రమ. ఆ భ్రమను తొలగించిన కథ యొకటి కలదు. 1936వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుని ఎన్నిక జరుగనుండెను. లిటరరీ డైజెస్ట్ అను పత్రికవారు ఫలితమును ముందుగా తెలిసికొన గోరి, సుమారు ఒక కోటి మందికి ప్రశ్నపత్రములను తపాలాలో పంపిరి. ఇరువది లక్షలకు మించి ప్రత్యుత్తరములు వచ్చెను. వానిని లెక్కించి, లాండన్ అను అభ్యర్థి గెలుచునని ఆ పత్రిక ప్రకటించెను. తుదకు జరిగిన దేమి? నలుబది యెనిమిది రాష్ట్రములలో నలుబదియారింట రూజ్‌వెల్ట్ జయించెను. పత్రికవారు పేర్లను ఎక్కువగా టెలిఫోను పుస్తకములనుండియు, మోటారు కార్ల యజమానుల జాబితాలనుండియు తీసిరి. ఆ దుర్భర దినములలో టెలిఫోనును, కారును కలవారు సంపన్నులు. పైగా ప్రశ్నపత్రము అందినవారిలో నాల్గింట ఒకవంతు మందియే బదులు వ్రాసిరి. పేదల మాట ఆ లెక్కలోనికి చాలినంతగా రాలేదు. కలియబెట్టకుండ రెండు మెతుకులకు బదులు గరిటెడు పైమెతుకులు తీసినను అడుగున నున్న అన్నపు సంగతి తెలియదు.

"గడియారములు ఎందరు ధరించుచున్నారో తెలియకపోయిన మనకేమి నష్టము?" అని మీలో ఎవరైన అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఈ యంత్రములు కేవలము అలంకారములు కావు. ఇవి రోగమును గూర్చి లెక్కలు చెప్పుచున్నవి. ఆ లెక్కలను బట్టి వైద్యసాహాయ్యమును పంచదలచినచో, ఎవరు ధరించుచున్నారు, ఎవరు ధరించుటలేదు అనునది ప్రాణములకు సంబంధించిన విషయమగును.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ఆపిల్ సంస్థతో కలసి 2017లో ఒక గొప్ప పరిశోధన ప్రారంభించిరి. గుండె క్రమము తప్పి కొట్టుకొను వ్యాధిని గడియారము గుర్తింపగలదా యని పరీక్షించుట దాని ఉద్దేశము. ఆ వ్యాధి పక్షవాతమునకు దారితీయవచ్చును. ముందుగా తెలిసినచో మందులచే ఆ అపాయమును తగ్గింపవచ్చును. గడియారము కలిగి, తామై ముందుకు వచ్చినవారు 4,19,297 మంది ఆ పరిశోధనలో చేరిరి. 2019లో ఫలితములు వెలువడినవి. చేరినవారిలో 2,161 మందికి, అనగా వేయింటికి సుమారు ఐదుగురికి, గుండెలయ తప్పుచున్నదని గడియారము హెచ్చరిక చేసెను.

ఈ ఐదును పట్టుకొని, "దేశమందు వేయింటికి ఐదుగురికే ఇట్టి హెచ్చరిక రాగలదు" అని ఒక అధికారి తలచె ననుకొందము. ఎంత పొరపాటు జరుగునో చూడుడు. చేరినవారిలో 65 సంవత్సరములు, అంతకు మించి వయస్సు గలవారు నూటికి ఆరుగురే. ఆ వ్యాధి ముఖ్యముగా వచ్చునది వృద్ధులకు. ఆ వృద్ధులలో హెచ్చరిక పొందినవారు నూటికి ముగ్గురు, అనగా వేయింటికి 31 మంది! ఒక ప్రాంతమున వేయిమంది వృద్ధులుండగా, మొత్తపు లెక్కను నమ్మినవాడు ఐదుగురికి పరీక్షలు ఏర్పాటు చేయును; వయస్సును గమనించినవాడు 31 మందికి ఏర్పాటు చేయును. తక్కిన 26 మంది ఎవరు? వారు ఎవరి ఇంటి తాతలో, అవ్వలో. వారు ఆ లెక్కలోనికి చాలినంతమంది రాలేదు. ఏలనన వారిలో గడియారము ధరించినవారు తక్కువ. పరిశోధకులు చేసిన తప్పు కాదిది. వారు వయస్సును బట్టి లెక్కలను విడదీసియే ప్రకటించిరి. వాని నడుమనున్న భేదమును చూడక ఒక్క సంఖ్యనే తీసికొనువానిదే తప్పు.

అట్లయిన అంచనాను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పిన మహనీయులలో ఒకరు మన తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో జన్మించి, విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని మహలనోబిస్ గారి సంస్థలో చేరిరి. 1945వ సంవత్సరమున, ఇరువదియైదేండ్ల ప్రాయమున, వారొక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించిరి. మన చేతిలోనున్న సమాచారము ఎంతో, దానిని బట్టి అంచనా యొక్క సూక్ష్మతకు ఒక హద్దు కలదనియు, ఒక పక్కకు మొగ్గని అంచనా యేదియు ఎంత తెలివిగా వేసినను ఆ హద్దును దాటజాలదనియు వారు నిరూపించిరి. స్వీడను దేశీయుడగు క్రామర్ కూడ వేరుగా ఈ సంగతిని కనుగొనుటచే దీనికి క్రామర్-రావు హద్దు అని పేరు వచ్చెను. 2023లో పరమపదించు నాటికి రావుగారి పేరు లోకమందలి సాంఖ్యకశాస్త్ర విద్యార్థు లందరికిని పరిచితము.

ఈ శాస్త్రము చెప్పు సులభమైన నియమమొకటి గుర్తుంచుకొనుడు. నమూనాను పెంచినచో తప్పు తగ్గును. కాని మెల్లగా తగ్గును. తప్పును సగము చేయవలెనన్న, నాలుగు రెట్ల మందిని అడుగవలయును. వేయిమందిని అడుగగా నూటికి 20 మంది ధరించుచున్నారని తేలినచో, నిజమైన సంఖ్య నూటికి 17 లేక 18 మొదలు 22 లేక 23 వరకు ఎచటనైన ఉండవచ్చును. అందుచేత నిజాయితీ గలవాడు "ఇరువది" అని ఊరకొనడు. "ఇంతనుండి ఇంతవరకు" అని చెప్పును. అట్లు చెప్పుట అజ్ఞానమును ఒప్పుకొనుట కాదు. తన జ్ఞానమునకు మేర తెలిసియుండుట.

ఈ విద్యను మీరును అభ్యసింపవచ్చును. మీ పాఠశాలలో 600 మంది విద్యార్థులున్నారనుకొందము. ఎందరి ఇండ్లలో ఎవరైన స్మార్ట్ వాచి ధరించుచున్నారో తెలిసికొనవలయును. మీ మిత్రులను మాత్రము అడుగకుడు. హాజరు పట్టీలలోని పేర్లన్నిటికి చీటీలు వ్రాసి, కలిపి, 60 చీటీలు తీయుడు. ఆ 60 మందిని తప్పక అడుగుడు. ఆనాడు బడికి రానివానిని మరునాడు అడుగుడు. వారిలో ఆరుగురు "ఉన్నది" అనిరనుకొనుడు. నూటికి పదివంతున 600లో 60 ఇండ్లగును. కాని నమూనా చిన్నది. కావున సుమారు 20 మొదలు 100 వరకు ఉండవచ్చునని చెప్పుటయే సత్యము. ఈ లెక్కనుండి మీ ఊరి సంగతి మాత్రము చెప్పకుడు. బడికి పిల్లలను పంపని ఇండ్లును, వృద్ధులు మాత్రమే యున్న ఇండ్లును మీ చీటీలలోనికి రాలేదు గదా!

ఇకమీదట పత్రికలలో "ఇన్ని కోట్ల మంది వాడుచున్నారు" అని చదివినపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. దేనిని లెక్కించిరి? అమ్మినవానినా, వాడుచున్నవానినా? ఎవరిని అడిగిరి? ఎవరిని అడుగక విడిచిరి? ఈ నాల్గింటిలో కడపటిదే కష్టమైనది. లెక్కలోనికి వచ్చినవారు తమంతట తాము మాటలాడుదురు. రానివారి పక్షమున మనమే మాటలాడవలయును. అమ్మగారు మెతుకు పట్టుటకు ముందు గరిటెను కుండ అడుగువరకు పోనిచ్చుట ఇందుకే.

ప్రశ్నలు

1. ఫిట్‌బిట్ సంస్థ అమ్మకములకును, వాడుకదారుల సంఖ్యకును గల భేదమునకు కారణములేవి?
2. లిటరరీ డైజెస్ట్ పత్రికవారు ఇరువది లక్షలకు మించిన ప్రత్యుత్తరములు పొందియు పొరపడుటకు హేతువేమి?
3. గుండె పరిశోధనయందలి ఒక్క సంఖ్యను మాత్రము నమ్మినచో వృద్ధులకు కలుగు నష్టమును వివరింపుడు.
4. లాప్లాస్ ఫ్రాన్సు జనసంఖ్యను ఎట్లు కట్టెనో మీ సొంత మాటలలో వ్రాయుడు.
5. పాఠమున చెప్పిన విధమున మీ పాఠశాలలో ఒక విషయమును అంచనా వేసి, "ఇంతనుండి ఇంతవరకు" అని ఫలితమును తెలుపుడు. ఆ లెక్కలోనికి రానివారెవరో కూడ వ్రాయుడు.